పొలంబడి: గోదావరి డెల్టాలో ఉమ్మడి చదువు

గోదావరి డెల్టాలో ఒక రైతు చేనుకూ పక్క రైతు చేనుకూ నడుమ ఉండేది సన్నని గట్టు మాత్రమే. ఆ గట్టు హక్కులను వేరు చేస్తుందే గాని నీటిని వేరు చేయదు. పంటబోదె నుండి వచ్చిన నీరు మొదటి చేను తడిపి, గట్టుకు కొట్టిన గండిగుండా రెండవ చేలోకి, అక్కడి నుండి మూడవ చేలోకి దిగి, చివరకు మురుగు కాలువలో కలుస్తుంది. ఒక చేలో చల్లిన ఎరువు, కొట్టిన మందు కొంత ఆ నీటితోనే ప్రయాణం చేస్తాయి. పురుగుల సంగతి చెప్పనక్కరలేదు. రెక్కలున్న ప్రాణికి గట్టు ఒక అడ్డమే కాదు.

ఈ ఉమ్మడి జీవనానికి పునాది ధవళేశ్వరం ఆనకట్ట. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ఆరంభమైన ఆ నిర్మాణం 1852లో పూర్తి అయినది. నేడు దాని స్థానంలో ఉన్న బ్యారేజి నుండి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో సుమారు 10 లక్షల ఎకరాలకు నీరు పారుతున్నది. తొలకరికి సార్వా, శీతకాలంలో దాళ్వా, ఈ విధంగా ఏటా రెండు వరి పంటలు పండుతున్నాయి. నీరు ఉమ్మడి, పురుగు ఉమ్మడి అయినప్పుడు, వాటిని గురించిన తెలివి మాత్రం ఎవరిది వారికే ఉంటే చాలదు. పది ఎకరాల నడుమ ఉన్న ఒక్క ఎకరం రైతు ఎంత తెలివిగా సేద్యం చేసినా, చుట్టూ ఉన్న తొమ్మిది ఎకరాల పొరపాటు అతని చేలోకి వచ్చి తీరుతుంది.

అందువల్లనే వరి సేద్యాన్ని చాలాకాలం నిలిచేటట్లు, నేలకూ నీటికీ నష్టం లేకుండా సాగించే విద్యను రైతులు కలిసి నేర్చుకొనే పద్ధతి ఒకటి ఏర్పడినది. దానికే పొలంబడి అని పేరు. ఇందులో ఉపన్యాసం తక్కువ, పరిశీలన ఎక్కువ. గోడలుండవు, నల్లబల్లకు బదులు పెద్ద కాగితం, పుస్తకానికి బదులు వరి దుబ్బు.

సుడిదోమ నేర్పిన పాఠం

పొలంబడి పుట్టుకకు కారణం చీమ తలంత పురుగు. దానిని మన రైతులు సుడిదోమ అంటారు. ఇది మనుషులను కుట్టే దోమ కాదు. గోధుమ రంగులో ఉండి, వరి దుబ్బు మొదట నీటి మట్టానికి కాస్త పైన గుంపులుగా చేరి రసం పీలుస్తుంది. పైనుండి చూచే కంటికి చేను పచ్చగానే కనిపిస్తుంది. ఒకనాడు చేను మధ్య గుండ్రంగా, సుడి తిరిగినట్లు, పైరు ఎండి పడిపోతుంది. అప్పటికి చేయదగినది చాలా కొద్ది.

1970 దశకంలో ఆసియాలోని అనేక దేశాలలో ఈ పురుగు విజృంభించినది. ఇండోనేషియాలో నష్టం మరీ ఎక్కువ. విచిత్రమేమనగా, అక్కడ మందు ఎంత ఎక్కువగా కొడితే సుడిదోమ అంత ఎక్కువైనది. శాస్త్రజ్ఞులు చేలలో దిగి లెక్కలు కట్టగా రహస్యం బయటపడినది. సుడిదోమ తన గ్రుడ్లను వరి ఆకు తొడిమ లోపల, కణజాలంలో గ్రుచ్చి పెడుతుంది. పైన చల్లిన మందు వాటికి తగలదు. కాని చేలో తిరిగే సాలెపురుగులు, గ్రుడ్లను పీల్చి తినే మిరిడ్ నల్లులు, తూనీగలు ఆ మందుకు నశిస్తాయి. వారం, పది రోజులకు గ్రుడ్లు పొదిగి పిల్లలు బయటికి వచ్చేసరికి వాటిని తినే ప్రాణి చేలో ఉండదు. పైగా కొన్ని మందులు చావని మోతాదులో తగిలినప్పుడు సుడిదోమ మునుపటి కంటె ఎక్కువ గ్రుడ్లు పెడుతుందని కూడా తేలినది.

ఈ ఫలితాలను బట్టి ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరిపై 57 రకాల పురుగు మందుల వాడకాన్ని నిషేధించినది. అయితే ఆజ్ఞ వల్ల అలవాటు మారదు. చేను చూచి తీర్పు చెప్పగల శక్తి రైతుకే రావాలి. అందుకు ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో 1989లో ఆ దేశంలో తొలి పొలంబడులు మొదలైనాయి. 1990 దశకంలో ఈ పద్ధతి భారతదేశానికి వచ్చినది. మన రాష్ట్రంలో వ్యవసాయ శాఖ దానిని పొలంబడి పేరుతో గ్రామాలకు చేర్చినది.

తొంభై తొమ్మిది, తొంభై అయిదు

సాలెపురుగులు చేసే మేలు ఎంతటిదో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చును. ఒక ఆడ సుడిదోమ 200 గ్రుడ్లు పెట్టినదనుకొందాం. వాటిలో 198 ఏదో ఒక దశలో నశించి, ఒక ఆడ, ఒక మగ మాత్రమే పెరిగి పెద్దవైతే, తరువాతి తరంలో దోమల సంఖ్య పెరగదు, తరగదు. అనగా నూటికి 99 చనిపోతేనే చేను నిలకడగా ఉంటుంది.

ఇప్పుడు చావు నూటికి 95కు తగ్గినదనుకొందాం. పైకి చూస్తే పెద్ద తేడాగా తోచదు. కాని 200లో 10 మిగులుతాయి. రెండు ఉండవలసిన చోట పది ఉన్నాయి గనుక తరానికి అయిదు రెట్లు. రెండవ తరానికి 25 రెట్లు, మూడవ తరానికి 125 రెట్లు. గ్రుడ్డు నుండి మళ్ళీ గ్రుడ్డు పెట్టే దశకు ఈ పురుగుకు సుమారు నెల రోజులు పడుతుంది. కనుక ఊడ్చిన నాటి నుండి కోసే లోపల మూడు తరాలకు వ్యవధి ఉన్నది. తొలి నెలలో అనవసరంగా కొట్టిన ఒక మందు, కంకి పాలు పోసుకొనే వేళకు సుడిగా బయటపడటంలో గల అంతరార్థం ఇదే.

చేలోని తోడేలు సాలీడు గూడు కట్టదు. దుబ్బు మొదట్లో తిరుగుతూ రోజుకు 5 నుండి 15 పురుగులను వేటాడుతుంది. మిరిడ్ నల్లి రోజుకు 7 నుండి 10 గ్రుడ్లను పీలుస్తుంది. ఈ జీవులకు కూలి లేదు, కౌలు లేదు. వాటిని చంపకుండా ఉండటమే రైతు వాటికి ఇచ్చే జీతం.

బడి నడిచే తీరు

పొలంబడిలో సాధారణంగా 25 నుండి 30 మంది రైతులుంటారు. ఊడ్పులకు ముందు మొదలుపెట్టి వారానికి ఒకనాడు చొప్పున సుమారు 14 వారాలు, అంటే దాదాపు పంటకాలమంతా, ఉదయం పూట చేలో కలుస్తారు. నడిపేవారు వ్యవసాయాధికారి కావచ్చును, ముందు శిక్షణ పొందిన తోటి రైతు కావచ్చును. ఆయన పని జవాబులు చెప్పడం కాదు, ప్రశ్నలు అడగడం.

రైతులు అయిదారుగురు చొప్పున జట్లుగా విడిపోతారు. ప్రతి జట్టు చేలోకి దిగి, ఒక మూల నుండి ఇంకొక మూలకు నడుస్తూ, అక్కడక్కడ ఎంచిన దుబ్బులను పరిశీలిస్తుంది. పిలకలు ఎన్ని? ఆకు రంగు ఎట్లా ఉన్నది? నీరు ఎన్ని అంగుళాలు? దుబ్బును కాస్త వంచి తట్టితే సుడిదోమలు ఎన్ని రాలినాయి? సాలెపురుగులు ఎన్ని? కాండం తొలుచు పురుగు గ్రుడ్ల కుప్పలు ఉన్నాయా? ఈ అంకెలన్నీ వ్రాసుకొంటారు.

గట్టు మీదికి వచ్చిన తరువాత జట్టు పెద్ద కాగితం మీద బొమ్మ వేస్తుంది. నడుమ వరి మొక్క, ఒక ప్రక్క పైరును తినే పురుగులు, రెండవ ప్రక్క ఆ పురుగులను తినే మిత్రజీవులు, పైన ఎండ, మబ్బు, క్రింద నీరు. చదువురాని వారు కూడా ఈ పటం గీయగలరు. గీసేటప్పుడే పురుగుకు ఎన్ని కాళ్ళు, సాలీడుకు ఎన్ని కాళ్ళు అనే సంగతి కంటికి పట్టుబడుతుంది. ఆ మీద చర్చ. ఈ వారం ఏమి చేయాలి? నీరు తీయాలా, పెట్టాలా? ఎరువు వేయాలా, ఆగాలా? మందు అవసరమా? ప్రతి జట్టూ తన తీర్పును, దానికి కారణాన్ని అందరి ముందూ చెప్పాలి. "పక్కాయన కొట్టాడు కనుక" అన్న కారణం ఇక్కడ చెల్లదు.

సుడిదోమ విషయంలో మన వరి శాస్త్రజ్ఞులు ఒక హద్దు సూచించినారు. పిలక దశలో దుబ్బుకు 10 నుండి 15, కంకి దశలో 20 నుండి 25 పురుగుల వరకు మందు తలపెట్టనక్కరలేదు. హద్దు దాటినా ప్రక్కనే సాలెపురుగులు, నల్లులు దండిగా ఉంటే నాలుగు రోజులు ఆగి మళ్ళీ లెక్కపెట్టడం మంచిది. హద్దు దాటి, మిత్రజీవులు తక్కువగా ఉన్నప్పుడే మందు. అదీ దుబ్బు మొదలు తడిసేటట్లు పాయలు తీసి కొట్టాలి. పై ఆకుల మీద కొట్టినది నేల పాలు, నీటి పాలు.

నమ్మించేది ప్రయోగమే

ఆకు చిల్లులు పడితే రైతు మనసు ఆగదు. ఆకుముడత పురుగు గీరిన తెల్లని చారలు కనిపించగానే మందు సీసా గుర్తుకు వస్తుంది. దీనికి పొలంబడిలో ఒక ప్రయోగం ఉన్నది. చేలో చిన్న మడులను గుర్తు పెట్టి, ఒక మడిలో పైరు ఆకులను పావు వంతు, ఇంకొక మడిలో సగం కత్తెరతో కత్తిరిస్తారు. మూడవ మడిని ముట్టరు. నెల లోపు పైరులో కత్తిరించిన ఆకులకు బదులు కొత్త ఆకులు, కొత్త పిలకలు వచ్చి, కోతనాటికి దిగుబడిలో చెప్పుకోదగిన తేడా ఉండదు. అదే కత్తిరింపు పొట్ట దశలో చేస్తే గింజ తగ్గుతుంది. తొలి రోజుల ఆకు నష్టాన్ని వరి తానే పూడ్చుకొంటుందన్న మాట రైతు ఒకరి నోట విని నమ్మడు. తాను కత్తిరించిన మడి కోసి తూచినప్పుడు నమ్ముతాడు.

మన డెల్టా వంటిదే వియత్నాంలోని మెకాంగ్ డెల్టా. అక్కడ అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 1990 దశకంలో రైతుల చేతనే ఇట్టి పరీక్ష చేయించారు. చేలో ఒక మూల మాత్రం మొదటి 40 రోజులు పురుగు మందు కొట్టకుండా వదలండి, దిగుబడి మీరే పోల్చుకోండి అన్నారు. రేడియో నాటికల ద్వారా ఈ సవాలు వేలాది గ్రామాలకు చేరినది. పోల్చి చూచుకొన్న రైతులలో అనేకులు తొలి మందులను మానుకొన్నారు.

ఇంకొక ప్రయోగానికి పురుగుల జూ అని ముద్దుపేరు. కుండీలో నాటిన వరి దుబ్బు మీద దోమతెర కప్పి, లోపల పది సుడిదోమలను, ఒక సాలీడును వదులుతారు. మరునాడు వచ్చి లెక్కపెడతారు. ఏ పురుగు మిత్రమో, ఏది శత్రువో ఇంతకంటె చక్కగా చెప్పగల గ్రంథం లేదు.

విత్తనం, నీరు, నత్రజని

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో 1925లో నెలకొల్పిన వరి పరిశోధన స్థానం ఈ డెల్టాకు గొప్ప ఆస్తి. ఎం.టి.యు. అనే అక్షరాలతో మొదలయ్యే వరి రకాలన్నీ అక్కడివే. 1982లో విడుదలైన స్వర్ణ దేశమంతా వ్యాపించినది. విజేత, కాటన్‌దొర సన్నాలు వంటి రకాలు సుడిదోమను కొంత తట్టుకొంటాయి. అయితే విత్తనం ఒక్కటే కాపాడుతుందనుకోరాదు. 1973లో విడుదలైన ఐ.ఆర్. 26 అనే రకాన్ని సుడిదోమ మొదట తాకలేదు. కొద్ది సంవత్సరాలలోనే దానిని తినగల దోమలు వృద్ధి అయినాయి. విత్తనానికి సేద్యపు తీరు తోడుండాలి.

అందులో మొదటిది కాలిబాటలు. ఊడ్చేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల ఖాళీ తూర్పు పడమరలుగా విడిచితే దుబ్బు మొదళ్ళకు గాలి, వెలుతురు తగులుతాయి. సుడిదోమకు చీకటి, తేమ ఇష్టం. రెండవది మధ్య మధ్య నీరు తీసి చేను ఆరగట్టడం. ఇక్కడే ఊరంతా కలియవలసిన అవసరం మళ్ళీ కనిపిస్తుంది. ఎగువ చేను వారు నీరు వదిలినప్పుడు దిగువ చేను ఆరగట్టడం సాధ్యం కాదు. ఒక బోదె క్రింది రైతులందరూ ఒకే బడిలో కూర్చుంటే, ఒకే వారంలో నీరు తీసే ఏర్పాటు చేసుకోగలరు.

దాళ్వాలో నీరు చాలక వంతులు పెట్టినప్పుడు ఈ జ్ఞానం మరింత విలువైనది. చిల్లులు పెట్టిన గొట్టం ఒకటి చేలో పాతి, లోపలి నీటి మట్టం నేల క్రింద 15 సెంటీమీటర్లకు దిగిన తరువాతనే తిరిగి నీరు పెట్టే పద్ధతి ఉన్నది. పూత దశలో మాత్రం నీరు నిలవాలి. ఇందువల్ల నీరు ఆదా అవుతుంది. ఎల్లప్పుడూ నీరు నిలిచిన మట్టిలో ప్రాణవాయువు లేక, మీథేన్ వాయువును పుట్టించే సూక్ష్మజీవులు పెరుగుతాయి. భూగోళం వేడెక్కడానికి ఆ వాయువు ఒక కారణం. చేను ఆరినప్పుడు గాలి సోకి దాని ఉత్పత్తి తగ్గుతుంది.

మూడవది నత్రజని. యూరియా మోతాదు మించితే ఆకు నల్లబడి మెత్తనై, సుడిదోమకు మంచి మేత అవుతుంది. దీనిని కొలవడానికి ఆకు రంగుల పట్టిక అనే చిన్న అట్ట చాలును. పైరు ఆకును అట్ట మీది పచ్చని చారలతో పోల్చి, లేతగా ఉన్నప్పుడే యూరియా వేస్తారు. దాళ్వా కోతకూ సార్వా ఊడ్పులకూ నడుమ జీలుగ, జనుము చల్లి పూత దశలో కలియదున్నితే, వాటి వేళ్ళ బొడిపెలలోని సూక్ష్మజీవులు గాలి నుండి పట్టిన నత్రజని నేలకు అందుతుంది.

ఇట్టివే మరికొన్ని బడులు

కలిసి నేర్చుకొనే ప్రయత్నాలు పొలంబడితో ఆగలేదు. మడగాస్కర్‌లో ఫాదర్ హెన్రీ డి లోలానీ 1983లో రూపొందించిన శ్రీ వరి పద్ధతిని 2003 ఖరీఫ్‌లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం మన రాష్ట్రంలో రైతుల చేలలోనే ప్రదర్శించినది. లేత నారును ఒక్కొక్క మొక్కగా ఎడం ఎడంగా నాటి, నీరు నిలవనీయకుండా పెంచడం అందులోని సూత్రం. వానలకు నీరు నిలిచే డెల్టా సార్వాలో దానిని యథాతథంగా పాటించడం కష్టం. కాని తక్కువ విత్తనం, తక్కువ నీరు అనే ఆలోచనను రైతులు తమ చేలలో పరీక్షించి చూచే అవకాశం కలిగినది.

2016 నుండి రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి వ్యవసాయం మహిళా స్వయంసహాయక సంఘాల ద్వారా గ్రామాలలో వ్యాపిస్తున్నది. ఇందులోనూ బోధించేవారు చాలావరకు ముందుగా ఆ సేద్యం చేసిన తోటి రైతులే. ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి 200 లీటర్ల నీటిలో పులియబెట్టి ద్రవజీవామృతం చేయడం అందరూ కలిసి నేర్చుకొంటారు. దానిలోని పోషకాల పరిమాణం స్వల్పమే. నేలలోని సూక్ష్మజీవులను ప్రోత్సహించడం దాని ఉద్దేశం. కనుక పచ్చిరొట్ట, పశువుల ఎరువు, పంట మార్పిడి దీనికి తోడుండాలి. ఏ చేలో ఏది ఎంత పనిచేస్తుందో తేల్చడానికి ఇక్కడా శరణ్యం ప్రయోగపు మడి, త్రాసు.

లోటు ఎక్కడ?

పొలంబడి సర్వరోగ నివారిణి కాదు. ఇండోనేషియాలో కొందరు అర్థశాస్త్రజ్ఞులు పరిశీలించి 2004లో ప్రకటించిన ఫలితం ప్రకారం, బడిలో చదివిన రైతు నుండి చదవని పొరుగు రైతుకు ఈ జ్ఞానం అంతగా పాకలేదు. అనేక దేశాల అనుభవాలను క్రోడీకరించిన 2014 నాటి సమీక్ష కూడా చదివినవారికి లాభమేగాని, పొరుగువారికి అది చేరడం లేదన్నది. ఇందులో ఆశ్చర్యం లేదు. "మందు కొట్టు" అనే మాట గట్టు మీద నుండి చెప్పవచ్చును. "లెక్కపెట్టి నిర్ణయించు" అనే విద్య లెక్కపెట్టినవానికే వస్తుంది. ఈత మాటలతో రాదు.

కాబట్టి బడికి ఎవరు వస్తున్నారన్నది ముఖ్యమైన ప్రశ్న. గోదావరి జిల్లాలలో చేలు దున్నేవారిలో కౌలు రైతులు అధికం. పట్టా భూస్వామి పేర, పెట్టుబడి కౌలుదారు పేర. కౌలు బస్తాలు కొలిచిన తరువాత మిగిలేదే అతని సంసారానికి ఆధారం. అనవసరమైన ఒక్క మందు ఖర్చు నేరుగా అందులో నుండే పోతుంది. 2011లో పెట్టుబడులు గిట్టక కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించిన సంగతి తెలిసినదే. ధర, మురుగు పారుదల వంటి సమస్యలను పొలంబడి తీర్చలేదు. ఖర్చును తగ్గించే ఉపాయం మాత్రం చేతికి ఇవ్వగలదు. ఆ ఉపాయం అందరికంటె ఎక్కువ అవసరమైన కౌలు రైతు పేరు జాబితాలో లేకపోతే బడి ఉద్దేశమే దెబ్బతింటుంది. ఊడ్పులు ఊడ్చి, కలుపు తీసే స్త్రీలు దుబ్బు మొదలును అందరికంటె దగ్గరగా చూస్తారు. మందు కలిపిన నీటిలో గంటల తరబడి నిలబడేదీ వారే. వారికీ బడిలో చోటుండాలి.

రెండవ లోటు కాలం. పదునాలుగు వారాల బడి ముగియగానే జట్టు విడిపోతే, మరుసటి దాళ్వాకే పాత అలవాటు తిరిగి వస్తుంది. బడి ముగిసిన తరువాత కూడా నెలకొకసారి కలిసి చేలు లెక్కపెట్టుకొనే సంఘం నిలవాలి.

ఒక గ్రామం సార్వాకు ముందు దీనిని ఆరంభించదలిస్తే కావలసిన సామగ్రి బహు కొద్ది: పెద్ద కాగితాలు, రంగు పెన్సిళ్ళు, ఒక దోమతెర, ఒక త్రాసు, ఆకు రంగుల పట్టిక. గ్రామంలోని రైతు సేవా కేంద్రాన్ని గాని, ఉండి, కలవచర్లలోని కృషి విజ్ఞాన కేంద్రాలను గాని సంప్రదిస్తే నడిపేవారి సాయం దొరుకుతుంది. అయితే 30 మందిని ఎంచేటప్పుడు ఊరి నలుమూలల నుండి కాక, ఒకే పంటబోదె క్రింద వరుసగా ఉన్న చేల వారిని, వాటిని నిజంగా సేద్యం చేస్తున్నవారిని ఎంచుకోవడం మేలు. అప్పుడు ఎగువ చేను వారు నీరు ఎప్పుడు వదలాలో, దిగువ వారు ఎప్పుడు ఆరగట్టాలో ఒకే గట్టు మీద కూర్చొని నిర్ణయించుకోవచ్చును.